మొండి గోపురం నుంచి రాజధాని గుంత దాకా

చెప్పులు పైనే వదిలి గమ్‌బూట్లు తొడుక్కోండి. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకోండి. ఇనుప మెట్లు మంచుకు తడిసి జారుతున్నాయి, ఒక్కో మెట్టూ చూసుకుని దిగాలి.

2018 డిసెంబరు ఆఖరి వారం. అమరావతి. రాత్రి పదకొండు దాటింది. కృష్ణ మీదినుంచి వచ్చే చలిగాలి గట్టు మీద ఉన్నంతసేపే. గుంతలోకి దిగాక అది తల మీదుగా వెళ్లిపోతుంది. కింద వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఫ్లడ్‌లైట్లది కాదు, కాంక్రీటుది. మీ ముందు బొటనవేలికన్నా లావైన కడ్డీలు అడ్డంగా, నిలువుగా, వరస మీద వరస. వాటి సందుల్లోంచి బూడిదరంగు ముద్ద మెల్లగా పైకి లేస్తోంది. పైన బూమ్ పంపు తన పొడుగాటి చేతిని చాచి, గొట్టం చివర ఒక మనిషి రెండు చేతులా పట్టుకుని నడిపించే చోటల్లా కాంక్రీటు కక్కుతోంది. అతని వెనకే ఇద్దరు వైబ్రేటర్ సూదులు దించి తీస్తున్నారు. ఆ సూది దిగినప్పుడల్లా కడ్డీలు సన్నగా వణుకుతాయి, ఆ వణుకు మీ బూట్ల అడుగు దాకా వస్తుంది. ఒకచోట ఎక్కువసేపు ఉంచితే కంకర అడుగుకు, పాలు పైకి విడిపోతాయి. తక్కువసేపు ఉంచితే గాలి బుడగలు లోపలే మిగిలిపోతాయి. ఎంతసేపు ఉంచాలో ఆ కుర్రాడికి గడియారం చెప్పడం లేదు, చేతికి తెలుస్తున్నట్టుంది.

ఆంధ్రప్రదేశ్ సచివాలయ టవర్లకు పునాది ఇది. రాఫ్ట్ అంటారు. స్తంభానికో గుంత తవ్వి విడివిడిగా పునాదులు వేయకుండా, మొత్తం భవనం కింద ఒకే దిమ్మె. మందం నాలుగు మీటర్లు. ఒక్క టవరు దిమ్మెకే దాదాపు 11 వేల ఘనపు మీటర్ల కాంక్రీటు. బండికి ఆరు ఘనపు మీటర్ల చొప్పున లెక్కేస్తే 1,800కు పైగా ట్రిప్పులు. రెండు మూడు రోజులు పగలూ రాత్రీ, రెండు నిమిషాలకో బండి వచ్చి తిరగాలి. ఎక్కడా ఆగకూడదు. ఆగితే, అప్పటిదాకా పోసింది గట్టిపడి, తర్వాత పోసేది దానికి అతుక్కోదు. ఆ అతుకు బయటికి కనిపించదు, ఏళ్ల తర్వాత బరువు పడినప్పుడు బయటపడుతుంది. అందుకే టీ తాగేవాళ్లు కూడా వంతులవారీగా తాగుతున్నారు.

దిమ్మె లోపలికి దిగిన సన్నటి తీగలు చూడండి. వేడి కొలిచే తీగలవి. సిమెంటు నీటితో కలిసినప్పుడు దానంతట అదే కాగుతుంది. పలచటి స్లాబ్‌లో అయితే ఆ వేడి గాలికి పోతుంది. నాలుగు మీటర్ల దిమ్మె నడుమ పుట్టిన వేడికి దారి ఉండదు. మా అనంతపురంలో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటితేనే ఊరు తలుపులు మూసుకుంటుంది. ఇలాంటి దిమ్మె పొట్టలో 70 దాటకుండా చూడటం ఇంజినీర్ల తాపత్రయం. నడుమ వేడికీ పైపొర వేడికీ తేడా 20 డిగ్రీలు మించితే దిమ్మె పగుళ్లిస్తుంది. అందుకే ఇలాంటి పోతల్లో సిమెంటు తగ్గించి బూడిదో స్లాగో కలుపుతారు, నీళ్లు చల్లబరిచి వాడతారు, పోసిన తర్వాత పైన దుప్పట్లు కప్పినట్టు కప్పుతారు. వేడెక్కినదాన్ని గబగబా చల్లార్చకూడదు, నిదానంగా చల్లారనివ్వాలి.

ఇక్కడ లేవబోయేది ఐదు టవర్లు. గీసింది లండన్‌కు చెందిన ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్. బయటివైపు ఉక్కు దూలాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి ఖండించుకుంటూ వల అల్లినట్టు పైదాకా పోతాయి. బరువంతా ఆ వలే మోస్తుంది కాబట్టి లోపల స్తంభాల అడ్డం తక్కువ. నాలుగు టవర్లు శాఖాధిపతులవి. ఐదోది, అన్నిటికన్నా ఎత్తైనది, ముఖ్యమంత్రి కార్యాలయం ఉండేది, యాభై అంతస్తులకు అటూఇటూగా, 200 మీటర్లు దాటుతుంది. ప్రపంచం లెక్కలో సూపర్‌టాల్ అనిపించుకోవాలంటే 300 మీటర్లు ఉండాలి. దుబాయ్ బుర్జ్ ఖలీఫా 828. ఆ కొలతలు పట్టుకుంటే ఇది చిన్నదే. కానీ గట్టెక్కి నాలుగు దిక్కులా చూడండి. అరటి తోటలు, మల్లె తోటలు, ఒంటి అంతస్తు ఇళ్లు, రాయపూడి మసీదు మినార్, గుడి ధ్వజస్తంభం. ఈ నేలకు ఇదే ఆకాశం. ఇంకో మాట, బుర్జ్ ఖలీఫా కింద ఉన్న దిమ్మె మందం 3.7 మీటర్లు. దాని కింద 192 పైల్స్ ఉన్నాయి, నిజమే. అయినా నల్లరేగడి అడుగున రాతి మీద కూర్చుంటున్న ఈ దిమ్మె, మందంలో దానికి తీసిపోదు.

తెల్లారేలోగా ఇంకో అడుగు లేస్తుంది. మనం బయల్దేరదాం. మీకు ఇంకో పునాది చూపించాలి.

గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది పడమరకు, మా వైపుకు వస్తుంది. హుబ్లీ పోయే బండి. రాజధానికి ఆ పేరు పెట్టకముందు నుంచీ ఆ పేరుతోనే తిరుగుతోంది. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు. అక్కడినుంచి నల్లమల. బోగద సొరంగంలో చెవులు దిమ్మెక్కుతాయి. నంద్యాల దాటాక నలుపు పలచబడి, డోన్ వచ్చేసరికి నేల ఎర్రబారుతుంది. గుంతకల్లులో దిగి కడప బండి మారితే, గుత్తి మీదుగా తాడిపత్రి.

పెన్న వంతెన మీద బండి నెమ్మదిస్తుంది. కింద ఇసుక. ఏటిలో నీళ్లు చూడటం ఇక్కడివాళ్లకు పండగతో సమానం. ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ, దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన మా జిల్లాదే అని బడిలో చెప్పించుకుని పెరిగాం. ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, బండల ఫ్యాక్టరీలు. రంపం కింద నీళ్లు చిమ్ముతూ నాపరాయి కోస్తున్న చప్పుడు ఊళ్లో ఎక్కడున్నా వినిపిస్తుంది. తెలుగునాట ఎన్ని వరండాల్లో ఈ ఊరి బండలున్నాయో!

ఏటి ఒడ్డుకు రండి. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. లింగం కింద ఊట ఉంది, పెన్న ఎండినా ఆ బుగ్గ ఎండదంటారు. గుడి కట్టించింది గండికోట ఏలిన పెమ్మసాని వంశం వారు, విజయనగర రోజుల్లో, పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో. స్వామి దర్శనం తర్వాత చేసుకుందాం. ముందు గోపురం కింద నిలబడండి.

తలెత్తండి. పైన ఏమీ లేదు. ఆకాశమే.

గోపురం ఉంది, గోపురం మీద ఉండాల్సిన గోపురం లేదు. ఇలాంటివి రెండు. ఒకటి అసలు నిలువు గోడలు దాటి పైకి లేవనే లేదని చరిత్రకారుడు ఫెర్గూసన్ 1876లో వచ్చిన తన భారతీయ వాస్తు చరిత్రలో రాశాడు. మామూలుగా గోపురం కట్టే పద్ధతి మీకు తెలిసిందే. కింది నిలువు భాగం రాయి, బరువు మోసేందుకు. పైన అంతస్తు మీద అంతస్తు ఇటుక, సున్నం, గచ్చుబొమ్మలు. శిల్పుల చేతివాటమంతా పైనే చూపిస్తారు, కిందిది సాదాగా వదిలేస్తారు. ఇక్కడ అది తలకిందులైంది. ఆ సంగతి గమనించి ఫెర్గూసన్ ఆశ్చర్యపోయాడు. దగ్గరికి రండి, చెయ్యి పెట్టండి. ముదురు పచ్చని నునుపు రాయి. తీగ మీద తీగ, గూడు లోపల గూడు, ద్వారం పక్కన మకరం మీద నిలబడ్డ నదీదేవత, ఆమె నడుం వంపు, ఆ వంపు మీద గొలుసు పూసలు. ఐదు వందల ఏళ్ల ఎండకు కూడా అంచు మొద్దుబారలేదు. వేలు పెడితే కోసుకుంటుందేమో అనిపిస్తుంది.

పైకి వెళ్లేది అరవై అడుగులో వందో, ఏ కాగితం మీద గీసుకున్నారో మనకు దొరకలేదు. కానీ ఈ అడుగుభాగం చెక్కినవాళ్లు, పైన వచ్చేదాని గురించి ఎదురుచూడకుండా, దీన్నే పూర్తి పనిగా చేశారు. ఊరు అప్పుడు ఎదుగుతున్న ఊరు. అర మైలు అవతల చింతల వేంకటరమణుడి గుడి ఆ వంశంవారే కట్టించారు. డబ్బుంది, రాయుంది, చేతులున్నాయి. అయినా ఇది ఇక్కడ ఆగింది. చిన్నప్పుడు మాకు ఇది మొండి గోపురమే. పిడుగుపడి కూలిందని ఒకరు, తురకల దండు కూల్చిందని ఒకరు చెప్పేవారు. ఎవరూ అసలు కట్టనేలేదేమో అనలేదు. మొదలుపెట్టి ఆపేస్తారని ఊహించడం పిల్లలకు కష్టం.

ఆగిన గోపురాల కథలు అన్నీ ఒకలా ముగియలేదు. శ్రీరంగంలో అచ్యుతదేవరాయలు మొదలుపెట్టిన రాయగోపురం ఆయన పోయాక అడుగు దగ్గరే ఆగింది. నాలుగు వందల ఏళ్లు అలాగే ఉంది. దాని కింద నుంచి ఎన్ని ఉత్సవాలు వెళ్లాయో. చివరికి అహోబిల మఠం పీఠాధిపతి పూనుకుంటే, పాత రాతి భాగం మీదే పదమూడు అంతస్తులు లేచి, 1987లో 236 అడుగుల గోపురమైంది. అచ్యుతరాయల మేస్త్రీలు వేసిన అడుగు, వాళ్లు ఎన్నడూ చూడని సిమెంటు బరువు మోసింది. దానికి ఎదురుగా శ్రీకాళహస్తి. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం, 136 అడుగులు. పూర్తి చేశారు, శతాబ్దాలు నిలిచింది. పగులు కనిపించింది, పెరిగింది, 2010 మే 26 సాయంత్రం నిలువునా కూలింది. ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని చూసినవాళ్లం, ఆ దుమ్ము చూసి చాలామందిమి ఏడ్చాం. అదే చోట మళ్లీ కొత్త గోపురం కట్టారు.

ఈ రెంటి నడుమ నిలబడి నాకు తోచేది ఒకటే. పునాది తన మాట నిలబెట్టుకుంటుంది, ఆగిపోయినా నిలబెట్టుకుంటుంది. దాని మీద కట్టేవాళ్లు తమ మాట మీద నిలబడతారా లేదా అన్నదే ప్రశ్న. ఇది రాయి గురించి కాదు, మన గురించి.

ఇప్పుడు మళ్లీ తూర్పుకు పోదాం. దాదాపు ఆరేళ్లు దాటేశాం అనుకోండి. 2024 ఆగస్టు.

అదే గట్టు. తుమ్మచెట్లు ఎత్తుగా పెరిగి దారి మూసేశాయి. గుంత ఎక్కడుందో చూపించమని అడిగితే ఒకాయన చెరువు చూపిస్తాడు. నిజంగానే చెరువు. పచ్చటి నీళ్లు, మీద నాచు, కొంగలు. నీళ్లలోంచి తుప్పు పట్టిన కడ్డీలు గుంపులు గుంపులుగా పైకి పొడుచుకొచ్చాయి. 2019లో ప్రభుత్వం మారింది, పనులు ఆగాయి. ఆ డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. భూములిచ్చిన 29 ఊళ్ల రైతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, శిబిరాల్లో 1,600 రోజులకు పైగా కూర్చున్నారు. ఆ ఐదేళ్లూ వానలన్నీ ఇక్కడే నిలిచాయి.

మా వైపు మనిషిని ఈ గట్టు మీద నిలబెడితే వాడు మొదట చూసేది కడ్డీలను కాదు, నీళ్లను. వెయ్యి అడుగులు బోరు దించి, దుమ్ము వచ్చి, ఇంకో వంద అడుగులకు అప్పు చేసిన రైతులు మా ఊళ్లలో వీధికొకరున్నారు. ఇక్కడ పునాది తవ్వి వదిలేస్తే చెరువైంది. కోపం రాదు, ఒక రకమైన ఆశ పుడుతుంది.

పడవ దగ్గరికి రండి. మద్రాసు ఐఐటీ నుంచి నిపుణులు వచ్చారు. కట్టడాన్ని పరీక్షించడానికి పడవ ఎక్కాల్సి రావడం ఎంత బాధ! పడవ అంచు పట్టుకుని కూర్చోండి. కడ్డీల గుంపు దగ్గరికి వెళ్లినప్పుడు తెడ్డు ఆపాలి, చివరలు వాడిగా ఉన్నాయి. తుప్పు గీకి చూస్తారు, ఎంత మందం పోయిందో కొలుస్తారు, నమూనాలు తీస్తారు. నీళ్లలో మునిగిన కాంక్రీటు గురించి భయపడక్కర్లేదు; తడిగా ఉంటే అది ఇంకా గట్టిపడుతుంది కూడా. ప్రమాదం గాలీ నీరూ రెండూ తగిలే చోట, అంటే నీటి అంచున బయటికి పొడుచుకొచ్చిన ఇనుముకు. ఆ తర్వాత వాళ్లు చెప్పింది, మరమ్మతులు చేసి ఈ పునాదుల మీదే కట్టుకోవచ్చని. ఆ కబురు విన్నప్పుడు నాకు శ్రీరంగం మేస్త్రీలు గుర్తొచ్చారు.

ఇక్కడ రాయలసీమవాడిగా ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో సీమకు ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మూడేళ్లకే, 1956 నవంబరులో, అది హైదరాబాదుకు పోయింది. అప్పుడు ముఖ్యమంత్రి అయింది మా జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డే. కాబట్టి రాజధాని ఎక్కడ అన్న మాట వచ్చినప్పుడు మావాళ్ల గొంతులో పాత నొప్పి ఉంటుంది, దాన్ని తప్పు పట్టకండి. కానీ ఆ నొప్పికి మందు ఈ గుంతను చెరువుగా వదిలేయడంలో లేదు. ఇక్కడ ఆగితే మాకు వచ్చేదేమీ లేదు. ఇక్కడ కట్టే ఏదో ఒక అంతస్తులో నీటిపారుదల శాఖ బల్ల ఉంటుంది, ఆ బల్ల మీద హంద్రీ-నీవా ఫైలు ఉంటుంది. మాకు కావలసింది ఆ ఫైలు కదలడం.

హంద్రీ-నీవా అన్నాను కాబట్టి ఒక లెక్క వేద్దాం, గట్టు మీద కూర్చోండి. ఈ గుంత పక్కన పారేది కృష్ణ. అదే కృష్ణను పైన శ్రీశైలం జలాశయం నుంచి మల్యాల దగ్గర ఎత్తి, మెట్లు మెట్లుగా పంపులు పెట్టి మా పీఠభూమి మీదికి తెస్తున్నారు. 2012లో మొదటిసారి జీడిపల్లి జలాశయానికి ఆ నీళ్లు చేరాయి. శ్రీశైలం పూర్తి మట్టం సముద్రం మీద 885 అడుగులు, దాదాపు 270 మీటర్లు. మీరు కూర్చున్న ఈ నేల ముప్పై మీటర్లకు మించదు. దీని మీద 200 చిల్లర మీటర్ల టవరు లేచి, పైన జెండా ఎగిరిందనుకోండి. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నేల 335 మీటర్లు. గుంతకల్లు 400 దాటుతుంది. ఈ రాష్ట్రం కట్టుకునే అతి ఎత్తైన భవనం కొస, మా ఊరి వీధుల కన్నా కిందనే ఉంటుంది.

గొప్పలకు చెప్పడం లేదు. ఎత్తులో ఉండటమే మా కరువు. చెనక్కాయ చేను తడిపే ప్రతి కృష్ణ చుక్కా ఈ టవరు కొస కన్నా పైకి, కరెంటుతో, నిట్టనిలువునా ఎక్కి రావాలి. యాభై అంతస్తుల మీదికి కాంక్రీటు పంపడం ఎంత కష్టమో ఇక్కడి ఇంజినీర్లకు తెలుసు. ఆ కష్టం తెలిసినవాళ్లు కూర్చునే ఊరు కావాలి మాకు రాజధానిగా.

ఇంకొన్ని నెలలు దాటండి. మోటార్లు పెట్టి రోజుల తరబడి నీళ్లు తోడారు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో దాదాపు 80 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకున్నాయి. 2025 మే 2న ప్రధాని వచ్చి రాజధాని పనులు మళ్లీ ప్రారంభించారు. ఇదే నేల మీద 2015 అక్టోబరు 22న శంకుస్థాపన చేసింది కూడా ఆయనే.

గుంతలోకి దిగండి. బురద తీసేశారు. దిమ్మె బయటపడింది, ఐదేళ్ల నీటి మరకలతో. తుప్పు దులిపే వైర్ బ్రష్‌ల గరగర. గాలిలో ఎర్రటి పొడి. మోకాళ్ల మీద కూర్చుని కడ్డీ తోముతున్న ఒకతను తలెత్తి మీ మాట విని నవ్వుతాడు.

"యా ఊరునా మీది?"

అనంతపురం అంటారు మీరు.

"మాది కదిరి పక్క, తలుపుల. బెంగళూరులో బేల్దారి పని పన్నెండేండ్లు చేసినా. ఈడికి వచ్చి నెల గాలేదు."

బెంగళూరు వదిలి ఎందుకొచ్చావంటే, కూలి అటూఇటూగా ఒకటేనంటాడు, గదుల బాడుగ అక్కడ మింగేస్తోందంటాడు. వాళ్ల ఊరినుంచి ఇంకో నలుగురు పిల్లలున్నారట, కడ్డీలు వంచే పని తెలిసినవాళ్లు.

"పైకి పోయేకొద్దీ మనుషులు కావాలంటండారు. మీరు మాట్లాడతారు గదా ఆ సార్లతో. పని ఎన్ని నెలలు గ్యారంటీనో ఒకమాట అడగండినా. మధ్యలో నిలిపేస్తే మల్లా బెంగళూరుకే పోవల్ల. ఆ మాట తెలిస్తే రేపే ఫోన్ జేసి వాళ్లను గుంతకల్లులో బండి ఎక్కిస్తా."

ఇంజినీరు షెడ్డు గట్టు మీద, ఎడమవైపు ఉంది. పదండి, అడుగుదాం.